సంచులు చాలని రోజు

వంకకి అడ్డంగా వేసిన చప్టా మీద నీళ్లు పారుతున్నాయని బస్సు ఆగిపోయింది. ఆగిన బస్సులో కిటికీ పక్క సీట్లో, ఒళ్లో చీర కవరూ కాళ్ల మధ్య పూలబుట్టా చేతిలో ఫోనూ పెట్టుకుని భూమిక నీళ్లకేసి అదే పనిగా చూస్తోంది, పాలగిన్నె ముందు అమ్మ నిలబడ్డట్టు, కాకపోతే పాలు పొంగకూడదని అమ్మ చూస్తుంది, నీళ్లు దిగాలని ఈమె చూస్తోంది, నీళ్లేమో ఎర్రగా చిక్కగా ఎవరి ముహూర్తంతోనూ పని లేనట్టు తీరిగ్గా పోతున్నాయి. రాత్రి ఆదోనిలో నాలుగు చినుకులే, పైన గుట్టల్లో మాత్రం బాగా దంచినట్టుంది, లేకపోతే నిన్నటిదాకా మేకలు నడిచిన వంకకి ఇవాళే ఇంత ఠీవి ఎక్కడిది. చప్టా పక్కన పాతిన తెల్ల రాయి తల కనపడేదాకా బండి కదలదని కండక్టరు చెప్పేశాడు, చెప్పేసి కిందకి దిగి వేపపుల్ల ఒకటి విరుచుకుని నములుతూ నిలబడ్డాడు, ఆయనకి గృహప్రవేశం లేదు కదా, ఎంతసేపైనా నములుతాడు.

అవతలి గట్టు మీద జనం. ఇంటి దగ్గర ఉండాల్సిన హొన్నదొడ్డి ఊరంతా వంక దగ్గరికే వచ్చేసినట్టుంది, గొడుగులు, తలకి చుట్టుకున్న తువ్వాళ్లు, మేళం వాళ్ల డోలు మీద కప్పిన యూరియా సంచి, అందరికంటే ముందు ఎర్ర చీరలో తాయమ్మత్త, చెవికి ఫోను. తాయమ్మత్త ఫోన్లో మాట్లాడితే ఫోను అక్కర్లేదు, అందుకే ఆమె మాట భూమికకి కిటికీలోంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి, రెండుసార్లు చేరుతోంది.

“యాడుండావ్ పాపా, కనపడ్ల్యా.”

“నీ ఎదురుగానే ఉన్నానత్తా, ఈ బస్సులోనే.”

“బస్సు కనపడ్తాంది, నువ్వు కనపడ్ల్యా. చెయ్యి ఊపు.”

ఊపింది. అవతల ఊరంతా ఊపింది.

“నీళ్లల్ల దిగొద్దు. ఎవురు రమ్మన్నా దిగొద్దు. రాయి తల కనపడినాంకనే రా.”

“మరి ముహూర్తమో?”

“ముహూర్తం యాడికి పోతాది, కూసోనుంటాది. నువ్వూ కూసో.”

ముహూర్తం కూర్చోదని పక్కనే అయ్యవారు గొణగడం కూడా ఫోన్లో వినపడింది, కిటికీలోంచి మాత్రం వినపడలేదు, ఆయన గొంతు చిన్నది. భూమిక ఫోను దించి మళ్లీ రాయి ఉండాల్సిన చోటు చూసింది, అక్కడ నీళ్లు సుడి తిరుగుతున్నాయి, సుడి కింద రాయి, రాయి అవతల ఊరు, ఊళ్లో కొత్త ఇల్లు, ఆ ఇంట్లోకి పుట్టింటివాళ్లు పెట్టిన చీర కట్టుకుని, పుట్టింటివాళ్లు పోసిన ఒడిబియ్యం కొంగులో పట్టుకుని తాయమ్మత్త కుడికాలు పెట్టాలి. ఆ పుట్టింటివాళ్లు ఇక్కడున్నారు, వంకకి ఇవతల, చెమట పట్టిన చేతుల్తో. అరవై దాటిన తాయమ్మకి ఇరవై నాలుగేళ్ల భూమిక పుట్టిల్లు. ఎవరికైనా చెప్తే నవ్వుతారు, బెంగుళూరు ఆఫీసులో చెప్తే నిజంగానే నవ్వారు, ఏంటీ, నువ్వు ఇల్లా అని.

సంచులు చాలలేదు, అంతే, అక్కడ మొదలైంది. కొన్నేళ్ల కిందట ఇదే వాన, రెండేళ్లు మొహం చూపించకుండా పోయి పత్తినంతా నిలబెట్టి ఎండబెట్టిన వాన, మూడో ఏడు పాత బాకీ ఒక్కసారే తీర్చేస్తానన్నట్టు వచ్చి పైనున్న చెరువుకట్ట తెంచి, ఇదే వంకని ఊళ్లోకి తోలింది. మట్టిమిద్దెలు ఎలా కరుగుతాయో భూమిక చూడలేదు, తాయమ్మత్త చెప్పింది, శబ్దమే రాలేదంట, గోడ కూర్చుందంట, అలసిపోయిన మనిషి చతికిలబడినట్టు. ఎద్దుల జత పోయింది, ఉల్లిగడ్డ పోయింది, చేను మీద మోకాలెత్తు ఇసుక. మనుషులంతా గుట్టెక్కి బతికి ఆదోనికి వస్తే పత్తి మార్కెట్టు షెడ్లలో పడుకోబెట్టారు, అప్పుడే పరీక్షలు రాసేసి ఇంట్లో ఫోను చూసుకుంటూ కూర్చున్న భూమిక ఊరికే చూద్దామని వెళ్లి ఇంటికి రావడం మర్చిపోయింది, గంటెలు, బకెట్లు, మాత్రలు, దుప్పట్లు, అందరి తలల్లోనూ పత్తి పింజలు, చిన్నా పెద్దా అందరూ ఒక్కసారే ముసలైపోయినట్టు, ఆ తెల్లజుట్లు చూసి ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకుని ఆ షెడ్డులో జనం మొదటిసారి నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

వాళ్లు ఊరికి తిరిగిపోయే రోజు బియ్యం వచ్చింది గానీ పోసివ్వడానికి సంచులు రాలేదు. లారీ స్టార్టు చేసి పెట్టేశారు. ఏం చెయ్యాలో తోచక భూమిక, కొంగు పట్టండమ్మా పోసేస్తా అంది, ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అదెందుకో అప్పుడు అర్థం కాలేదు. పైగా అమ్మ చిన్నప్పటినుంచీ తలలోకి ఎక్కించిన మాట ఒకటుంది, ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపకూడదని, సరే మార్కెట్టు మన ఇల్లే అనుకుంటే పోలా అని షెడ్డులో వినాయకుడి పటం ముందున్న కుంకుమ భరిణె తెచ్చి ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, కొంగులో దోసిళ్లతో బియ్యం పోసి, జాగ్రత్తగా వెళ్లిరండి, మళ్లీ రండి అని కూడా అంది, నోటికొచ్చింది కాబట్టి అంది. తాయమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె కొంగు పట్టి అలాగే నిలబడిపోయింది, వెనకాల వాళ్లు తోస్తున్నా కదల్లేదు, కళ్లల్లో నీళ్లు. బియ్యం చాలలేదేమో పాపం అనుకుని భూమిక ఇంకో రెండు దోసిళ్లు పోసింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే అమ్మ నోటి మీద చెయ్యేసుకుంది, నాన్న సేతుమాధవరావు, ఎప్పుడూ గట్టిగా నవ్వని లెక్కల మాస్టారు, కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. బొట్టు పెట్టి ఒడిలో బియ్యం పోసి మళ్లీ రమ్మని పంపితే అది రేషను కాదే పిచ్చిమొద్దూ, ఒడిబియ్యం, పుట్టింటివాళ్లు కూతురికి పోసేది, లారీడు ఆడపడుచుల్ని తెచ్చిపెట్టావు నాకు అన్నాడు. అమ్మ మాత్రం, వాళ్లకా మాత్రం తెలీదా, అవసరానికి పట్టారు, మర్చిపోతారులే అంది.

ఎక్కడ మర్చిపోవడం. ఉగాదికి తాయమ్మ వచ్చింది, చేతిలో చిన్న గుమ్మడికాయ, ఇసుక తోడిన చేలో మొదటి కాపంట. వచ్చి వాకిట్లో చెప్పుల పక్కనే ఆగిపోయింది, లోపలికి రమ్మంటే రాదు, ఆ ఇంటి మడీ ఆచారాలూ తెలుసునన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది. నాన్న లేచి వెళ్లి, పుట్టింటికొచ్చి వాకిట్లో నిలబడే ఆడపడుచుని ఎక్కడా చూడలేదమ్మా అన్నాడు, అంతే, ఆమె లోపలికి రావడమే కాదు వంటింట్లో అమ్మ తరిగే బీన్సు పెద్ద ముక్కలైపోతున్నాయని చెప్పేదాకా వచ్చింది. భూమిక అవ్వా అని పిలిస్తే కోపం, అవ్వ కాదు, మీ నాయిన నాకన్న, నేను నీకు మేనత్తను, అత్తా అను. ఆ రోజునుంచీ అత్త. ఫోను పెట్టుకోవడం నేర్చుకుంది, రాయడం రాదు కాబట్టి వాయిస్ మెసేజీలు, ప్రతి మెసేజీ వెనకా ఒక కోడి, ప్రతి ఫోటోలో సగం ఆమె బొటనవేలు, మిగతా సగంలో గోడ. పునాది గోడ, కిటికీ ఎత్తు గోడ, పైకప్పు లేని గోడ మీద కూర్చున్న కాకి. ఆఫీసు మీటింగులో ఉంటే ఫోను, మీ మామ నన్నడగకుండా మేకపోతును అమ్మినాడు, నువ్వు మాట్లాడు. ఆ మామ ఉచ్చీరప్ప, వంక దాటించబోయి ఎద్దుల్ని పోగొట్టుకున్నాక చాలారోజులు ఎవరితోనూ మాట్లాడని మనిషి, ఫోను తీసుకుని నీరసంగా, పాపా, నా మాట గూడ ఒగసారి ఇను, ఇంతకుముందు ఈమెకి ఎవురూ ల్యాకపాయె, నేనేమన్నా పడుంటాండె, ఇప్పుడు మాటకు ముందు మా పుట్టింటోళ్లకు ఫోన్ చేస్తానంటాది, ఎద్దులు పోయినా ఇంత భయం పళ్ల్యా నాకు అన్నాడు, అవతల తాయమ్మ నవ్వు, కోడి అరుపు.

ఆయన నవ్వులాటకన్న మాటే నిజం, ఆమెకి ఎవరూ లేరు. చిన్నప్పుడు అమ్మానాన్నా సుగ్గికని, అంటే కోతల కాలం వలసకని, మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు వైపు పోయి మళ్లీ రాలేదు, ఏమయ్యారో తెలీదు, ఎవరో దూరపు మామ పెళ్లి చేశాడు, ఆ తర్వాత ఆ గడప కూడా లేదు. పాత మిద్దె కట్టినప్పుడు ఆమె తరఫున చీర తెచ్చేవాళ్లు లేకపోతే, ఒడి ఖాళీగా ఉన్నామె ముందు నడవకూడదన్నారంట, ఆడబిడ్డ ముందు నడిచింది, ఇంటామె వెనకాల చెంబు పట్టుకుని వచ్చింది. ఆ మాట తాయమ్మ ఒకేసారి చెప్పింది, వెన్న చిలుకుతూ, గిన్నెలోకి చూస్తూ, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే ఇవాళ రాయి కనపడాలి. ఇవాళ భూమిక అవతలికి చేరకపోతే అయ్యవారు ఆగడు, ఊరు ఆగినా వండిన అన్నం ఆగదు, తాయమ్మత్త మళ్లీ ఎవరి వెనకో చెంబు పట్టుకోవాలి.

మధ్యలో ఒక వేసవంతా భూమిక ఫోను ఎత్తలేదు కూడా. కొత్త ఉద్యోగం, తర్వాత చేస్తా అనుకోవడం, తర్వాత అనేది చాలా పెద్ద ఊరు, అందులోకి వెళ్తే దారి దొరకదు. వరదప్పుడు కెమెరాలతో వచ్చినవాళ్లు రెండో నెలకే మాయం, దుప్పట్లు పంచినవాళ్లు మూడో నెలకి, నేనూ అందులోనే కలిసిపోయానేమో అని ఒక రోజు లిఫ్టులో నిలబడి అనుకుని, దిగాల్సిన అంతస్తు దాటిపోయి, భయపడుతూ ఫోను చేస్తే తాయమ్మత్త తిట్టలేదు, ఎందుకు చెయ్యలేదని అడగలేదు, పుట్టింటోళ్లన్నాంక ఒగోసారి మాట్లాడరు, యాడైనా ఉండేదే, సరే గాని కిటికీలకు పచ్చరంగు ఎయ్యల్నా నీలమా అంది. అలగడం కూడా చుట్టరికంలో భాగమే అనుకునే మనిషి దగ్గర ఎలా తప్పించుకుంటాం. నీలం అంది భూమిక. నీలమే వేశారు.

కాలు మడతపడి అమ్మ మంచం మీద ఉంది, శ్రావణమాసం ఆరాధనలని నాన్న మంత్రాలయంలో ఉన్నాడు, అందుకని ఈసారి పుట్టిల్లంతా ఒక్కతే. అయినా అన్నీ సర్దింది, ఎమ్మిగనూరు వెళ్లి మగ్గం దగ్గరే నిలబడి ఏరుకున్న చీర, ఆకుపచ్చకి ఎర్ర అంచు, తాయమ్మత్త నడుముకి నిలవాలని కొంచెం బరువైనదే, రవికగుడ్డ, గాజులు, పసుపు, కుంకుమ, వక్కాకు, కొబ్బరిగిన్నెలు, పూలు, ఇంకా బియ్యం.

బియ్యం.

భూమిక పూలబుట్ట కిందకి వంగింది. చీర కవరు దులిపింది. సీటు కింద చూసింది, అక్కడ ఎవరిదో అరటితొక్క ఉంది. బియ్యం మూట ఇంట్లో గ్యాసు పొయ్యి పక్కన ఉంది, ఆమె కళ్లకి కడుతోంది, పసుపు రాసిన తెల్లగుడ్డ, నాలుగు కొసలు కట్టిన ముడి, మర్చిపోతావే అని అమ్మ అన్నమాట, ఇదొక్కటీ మర్చిపోతానా అని తనన్నమాట. చీర లేకపోయినా నడిచేదేమో, గాజులు లేకపోయినా నడిచేది, ఏది పోస్తే తను పుట్టిల్లయిందో అదే ఇంట్లో పెట్టి వచ్చింది, ఆ రోజు సంచులు లేవు బియ్యం ఉంది, ఇవాళ కవర్లన్నీ ఉన్నాయి బియ్యం లేదు, నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపులా తిరిగింది, ఇవతల ఊరూ లేదు కొట్టూ లేదు, కండక్టరు ఒక్కడే పుల్ల నములుతూ.

“ఏం పాపా, దుడ్లు పోయినాయా?”

పక్క సీటామె. ఆదోనిలో ఎక్కినప్పటినుంచీ ఒళ్లో మూట పెట్టుకుని, నుదుటి మీద ఉరుకుంద ఈరన్న గుడి విభూతితో కునుకుతున్న మనిషి, పేరు హులిగెమ్మ, ఇప్పుడు పూర్తిగా మేలుకుని ఉంది.

“డబ్బులు కాదమ్మా, బియ్యం మర్చిపోయాను. ఒడిబియ్యం.”

“ఎవురికి?”

“మా అత్తకి. అదిగో, ఆ ఎర్ర చీర.”

హులిగెమ్మ గట్టుకేసి చూసింది, భూమిక మెడకేసి చూసింది. “పెండ్లి కాల్యా నీకు. మీ అత్తకి నీ అవ్వ వయసుంటాది. నువ్వు పోసేదేంది ఆమెకి?”

చెప్పక తప్పలేదు, పత్తి షెడ్డు, సంచులు, బొట్టు, గుమ్మడికాయ, చెంబు, అన్నీ ఒకదాని మీద ఒకటి, ముందు సీటు ముసలాయన కూడా వెనక్కి తిరిగి విన్నాడు. విని హులిగెమ్మ తన మూట మీద చెయ్యి ఆడించింది. అందులో ఉన్నదీ అదే. ఆస్పరిలో ఉన్న కూతురు సంతోషికి మొదటి కాన్పు అయిందంట, ఆమెకి తీసుకుపోతోంది.

“ఒగ బిడ్డకని కట్టింది ఇంకొగరికి పోయగూడదు,” అన్నాడు ముందు సీటు ముసలాయన, అడక్కుండానే.

“ఎవురు సెప్పినారప్పా నీకు? నువ్వెప్పుడన్నా కట్టినావా?” అని హులిగెమ్మ ముడి విప్పడం మొదలుపెట్టింది. “ఇంకొగరికి పోస్తే తప్పు. ఆయమ్మ నా బిడ్డకి అక్క అయిపోతే తప్పేముంది. పట్టు పాపా చున్నీ, ఐదు పిడికిళ్లు. సంతోషికి సెప్తాలే, నీకొగ పెద్దక్క ఉండాది, అరవై ఏండ్లది అని.”

అలా భూమిక చున్నీలో బియ్యం పడుతుంటే, ఆ చప్పుడు ఆ రోజు షెడ్డులో విన్న చప్పుడే, కానీ అప్పుడు పోసేవైపు నిలబడి వింది, పట్టేవైపు ఇంకోలా వినపడుతుందని, మోకాళ్ల మీదికి చల్లగా బరువు దిగుతుందని, దిగుతుంటే అక్కణ్నుంచి కదలాలనిపించదని ఇప్పుడే తెలిసింది. అందుకా అత్త ఆ రోజు కదలకుండా నిలబడిపోయింది. బియ్యం చాలక కాదా.

అవతల గట్టు మీద ట్రాక్టరు చప్పుడు. ఉచ్చీరప్ప మామ ట్రాక్టరెక్కి వంకకేసి తోలుకొస్తున్నాడు, మా అత్తగారింటోళ్లను నేనే తెస్తానని అరుస్తున్నాడు, పాపం ముహూర్తం జారిపోతోందని. ఎర్ర చీర వెళ్లి ట్రాక్టరు ముందు నిలబడింది. ఆమె ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, భూమిక కూడా తన ఫోను మళ్లీ చెవికి ఆనించింది కాబట్టి అంతా వినపడింది, “ఎద్దుల్ని ఇచ్చినాం ఈ వంకకి, సాలు. ముహూర్తం పోతే ఇంకోటి పెడ్తాడు అయ్యవారు. దిగు.” ఆయన దిగాడు. ఆపైన ఫోన్లో అయ్యవారి చిన్న గొంతు, ఘడియ దాటిపోయిందమ్మా అని. భూమిక కళ్లు మూసుకుంది. పోయింది. చీర, పచ్చ కిటికీ కాదు నీలం కిటికీ, గుమ్మడికాయ, చెంబు, అన్నీ నీళ్లల్లో కలిసి పోతున్నట్టు, ఆ ఎరుపులోకి.

“అత్తా, మీరంతా లోపలికి వెళ్లండి. నాకోసం ఆగకండి.”

“నీ కోసం ఆగినానని ఎవురన్నారు,” అంది తాయమ్మ. “నా కోసం ఆగినాను.”

కండక్టరు వేపపుల్ల ఉమ్మి కేకేశాడు, రాయి. నిజంగానే, నీళ్ల మీద తెల్లగా, కోడిగుడ్డంత, అప్పుడే పుట్టిన దూడ నుదురంత, తర్వాత కొబ్బరికాయంత. బస్సులో అందరూ ఒక్కసారి ఇటువైపు వంగేసరికి బండి కూడా వంగింది. ఇంకా ఆగాడు డ్రైవరు, రాయి మెడదాకా తేలేదాకా ఆగి, అప్పుడు మెల్లగా, నీళ్లకి కోపం రాకుండా, చక్రాలు కడుక్కుంటూ బస్సు చప్టా దాటింది. డోలు మోగింది. యూరియా సంచి తియ్యడం మర్చిపోయి కొట్టినట్టున్నాడు, డబ్బా మోగినట్టు మోగింది.

దిగీదిగగానే తాయమ్మత్త భూమిక గడ్డం పట్టుకుంది, చున్నీలో బియ్యం చూసింది, పక్కన హులిగెమ్మను చూసింది. ఇది మా ఇంటి బియ్యం కాదత్తా, మూట ఇంట్లో మర్చిపోయా అనబోయి, అది చెప్తే మొదటిది కూడా చెప్పాలనిపించి, భూమిక నోట్లో అన్నీ కలిసిపోయాయి. “అత్తా, అసలు ఆ రోజు కూడా, మార్కెట్టులో, నేను...”

“సంచులు అయిపోయినాయి,” అంది తాయమ్మ. “నాకు తెల్దా? లారీ హారను కొడ్తాంటే నీ మొగం సూసినా గద. నువ్వు బియ్యమే పోసినావు పాపా. ఒడి పట్టింది నేను.”

అని కొంగు విప్పి పట్టింది. ఒడిబియ్యం ముత్తైదువే పొయ్యాలి, భూమికకి పెళ్లి కాలేదు కాబట్టి హులిగెమ్మ పోసింది, హులిగెమ్మ చేతుల మీద భూమిక చేతులు.

కొత్త ఇల్లు చిన్నది, నీలం కిటికీలది, సున్నం వాసనది. ముహూర్తం పోయిన చిరాకంతా మింగేసి అయ్యవారు పంచాంగంలో ఇంకో మంచి ఘడియ వెతికి, ఇది ముందుదానికంటే బాగుందని తనే ఒప్పుకుని, గడప దగ్గర నిలబడి అడిగాడు, ఇంటామె పుట్టింటివాళ్లెవరు, ముందుకి రండి అని. బళ్లో పిల్లలా భూమిక చెయ్యెత్తింది. పక్కన హులిగెమ్మ ఎత్తింది. అటు తిరిగి చూస్తే ముందు సీటు ముసలాయన ఎత్తాడు, అన్నం వాసనకి బస్సు ఆపించి దిగొచ్చిన కండక్టరు, కొత్త వేపపుల్లతో, అటూ ఇటూ చూసి అతనూ ఎత్తాడు. భూమిక తెచ్చిన ఎర్ర అంచు ఆకుపచ్చ చీరలోకి మారి, ఆ బియ్యంతోనే ఒడి నిండుగా పట్టుకుని, ఊరందరికంటే ముందు నిలబడిన తాయమ్మ వెనక్కి తిరిగి ఆ చేతులన్నీ చూసింది.

“ఇంతమందికి యాడ సాలుతాది ఇల్లు,” అంది ఉచ్చీరప్పతో, కసురుతున్నట్టు. గడప దగ్గరున్న నీళ్ల చెంబు ఆయన చేతికిచ్చి, కుడికాలు పెట్టింది.